సూచీ పెరిగినంత మాత్రాన అమ్మాయిలు బడికి వచ్చినట్టేనా?

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. తప్పైతే సరిచేయండి. మీరు ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరారు. యుద్ధం నడుస్తున్న దేశాల్లో బడి చేరికల మీద రిపోర్టు రాయమన్నారు. ఒక దేశం పట్టిక తీసి చూస్తే, ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య తేడా యుద్ధం వచ్చాక పెరగాల్సింది పోయి తగ్గినట్టు కనిపించింది. ఇది మంచి వార్తా, లెక్కలో పొరపాటా, అసలు అలాంటి చోట అమ్మాయిలు బడికి రావడానికి ఏది పనిచేస్తుంది అన్నవి మీ ప్రశ్నలు.

నేను 2009 నుంచి ఏడేళ్లు అఫ్గానిస్తాన్‌లో, ఆ తర్వాత రెండేళ్లు దక్షిణ సూడాన్‌లో పనిచేశాను. టీచర్‌ని కాదు. బడికి వెళ్లి రిజిస్టర్ చూడటం, తరగతిలో ఉన్న తలలు లెక్కపెట్టడం, ఆ రెండూ ఎందుకు కలవలేదో రాసి పంపడం నా ఉద్యోగం. కాబట్టి నా జవాబు లెక్కల గుమాస్తా జవాబులాగే ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి.

జెండర్ పారిటీ ఇండెక్స్, అంటే మీ పట్టికలో ఉన్న జీపీఐ, ఒక భాగహారం. అమ్మాయిల నమోదు శాతాన్ని అబ్బాయిల నమోదు శాతంతో భాగిస్తారు. 1 వస్తే సమానం. 0.97 నుంచి 1.03 దాకా ఉన్నా సమానమనే అంటారు. ఇదంతా మీకు తెలిసే ఉంటుంది. కానీ పైన ఉన్న అంకె పెరిగినా జవాబు పెరుగుతుంది, కింద ఉన్న అంకె తగ్గినా జవాబు పెరుగుతుంది. ఆరో తరగతి లెక్కే ఇది, అయినా పెద్ద పెద్ద రిపోర్టుల్లో కూడా దీన్ని మర్చిపోతుంటారు.

ఒక ఊరిని ఊహించుకోండి. బడి ఈడు అబ్బాయిలు వందమంది, అమ్మాయిలు వందమంది. అరవైమంది అబ్బాయిలు, ముప్పైమంది అమ్మాయిలు బడికి పోతున్నారు. సూచీ 0.5. యుద్ధం వచ్చింది. ఇరవై నాలుగుమంది అబ్బాయిలు బడి మానేశారు. కొందరి చేతికి తుపాకీ వచ్చింది. కొందర్ని ఎవరో పట్టుకుపోతారని భయపడి ఇంట్లోవాళ్లే సరిహద్దు దాటించారు. కొందరు ఇటుక బట్టీలో చేరారు. అమ్మాయిలు మాత్రం ఒక్కరు కూడా పెరగలేదు, అదే ముప్పైమంది. ఇప్పుడు 30ని 36తో భాగించండి. 0.83 వస్తుంది. ఊరు కాలిపోతోంది, సూచీ మాత్రం పచ్చగా ఉంది.

మీ పట్టికలో ఇదే జరిగిందని నేను అనడం లేదు. జరిగిందో లేదో తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. సూచీని పక్కన పెట్టి, అమ్మాయిల నమోదు శాతం, అబ్బాయిల నమోదు శాతం ఏడాదివారీగా విడివిడిగా గీత గీయండి. ఏ గీత కదిలిందో కళ్లకు కనిపిస్తుంది.

రెండు రకాలుగానూ జరిగిన దేశాలు ఉన్నాయి. తజికిస్తాన్‌లో 1992 నుంచి 1997 దాకా అంతర్యుద్ధం నడిచింది. సోవియట్ కాలంలో అక్కడ ఆడపిల్లలు చదవడం మామూలు విషయం. యుద్ధంలో ఇళ్లు దెబ్బతిన్న కుటుంబాల్లో ఆడపిల్లలు తప్పనిసరి చదువు కూడా పూర్తిచేయకుండా ఆగిపోయారని, మగపిల్లల మీద ఆ దెబ్బ అంతగా కనిపించలేదని తర్వాత చేసిన అధ్యయనాల్లో తేలింది. నేపాల్ కథ వేరు. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టు యుద్ధం నడిచిన కాలంలోనే అక్కడ ప్రాథమిక బడుల్లో అమ్మాయిల చేరిక గట్టిగా పెరిగింది. అదే కాలంలో బడి పిల్లల్ని గుంపులుగా తీసుకుపోయిన సంఘటనలూ ఉన్నాయి, పనికోసం భారత్‌కూ గల్ఫ్‌కూ పోయిన కుర్రాళ్లూ ఉన్నారు, అమ్మాయిలకు ఇచ్చిన స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. అన్నీ కలిసి వచ్చిన అంకెను పట్టుకుని "యుద్ధం అమ్మాయిలకు మేలు చేసింది" అని రాసినవాళ్లను కూడా చూశాను. మీరు ఆ పని చేయకండి.

ఇంకో సంగతి. బడి మీద దాడి అంటే అందరికీ 2014 ఏప్రిల్‌లో నైజీరియాలోని చిబోక్ నుంచి బోకో హరామ్ తీవ్రవాదులు ఎత్తుకుపోయిన 276 మంది అమ్మాయిలే గుర్తొస్తారు, రావాలి కూడా. దానికి రెండు నెలల ముందు అదే దేశంలో బూనీ యాదీ అనే చోట హాస్టల్‌లో నిద్రపోతున్న మగపిల్లల్ని పదుల సంఖ్యలో చంపేశారు. అమ్మాయిలను మాత్రం ఇళ్లకు పోయి పెళ్లి చేసుకోమని వదిలేశారు. ఇద్దరినీ బడికి దూరం చేయడమే వాళ్ల లక్ష్యం, దారులే వేరు. "ఆడ-మగ సమానత్వం" అని శీర్షిక పెట్టి అబ్బాయిల నిలువు వరసను చూడకపోతే ఇలాంటివి తప్పిపోతాయి.

ఇక అంకెల పుట్టుక గురించి. నమోదు శాతం అన్నప్పుడు కింద జనాభా ఉంటుంది. అఫ్గానిస్తాన్‌లో చివరిసారి జనాభా లెక్కలు తీసింది 1979లో. అవి కూడా యుద్ధం వల్ల సగంలో ఆగిపోయాయి. ఆ తర్వాత చెప్పేవన్నీ అంచనాలే. ఒక జిల్లాలో ఎనిమిదేళ్ల ఆడపిల్లలు ఎంతమంది అని అడిగితే చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఇంటి పెద్దను "పిల్లలెంతమంది" అని అడిగితే కొడుకుల సంఖ్య చెప్పి ఊరుకున్న ఇళ్లు నాకు చాలా తగిలాయి. గుర్తింపు కార్డు మీద తల్లి పేరు రాయడానికే 2020 దాకా అక్కడి ఆడవాళ్లు పోరాడాల్సి వచ్చింది. పుట్టిన అమ్మాయిని తక్కువగా లెక్కేస్తే, చేరినవాళ్ల శాతం ఎక్కువగా కనిపిస్తుంది.

వలసపోయిన పిల్లల సంగతి మరీ అన్యాయం. పాత ఊరి లెక్కలోంచి పోతారు, కొత్త ఊరి లెక్కలోకి రారు. ఇది అర్థం కావడానికి కాబూల్ దాకా పోనక్కర్లేదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి గొత్తికోయ కుటుంబాలు ఖమ్మం అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, చేతిలో కాగితం లేదు. ఆ పిల్లల్ని ఏ రాష్ట్రం బడి ఈడు జనాభాలో వేయాలి? వాళ్లు వదిలేసి వచ్చిన వైపు బళ్లు కూలిపోయాయి, వాటి బదులు వెదురు తడకలతో పోర్టా క్యాబిన్ హాస్టళ్లు కట్టారు. అంత దగ్గర్లోనే మనకు ఇంత గందరగోళం ఉంటే, అఫ్గానిస్తాన్‌లోని ఉరుజ్‌గాన్ లెక్క ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు నేను ఎక్కువ కాలం గడిపిన చోటికి వస్తాను, అంటే రిజిస్టర్ దగ్గరికి. అఫ్గానిస్తాన్‌లో మాట్లాడే దరీ భాషలో దాన్ని హాజిరీ అంటారు. మన హాజరు పట్టీలోని హాజరే అది. మొదటిరోజు ఆ మాట విన్నప్పుడు సొంతూరి బడిలో కూర్చున్నట్టు అనిపించింది. తరగతిని సిన్ఫ్ అంటారు, టీచర్‌ను ముఅల్లిమ్ సాహిబ్ అంటారు.

ఉత్తరాన బల్ఖ్ వైపు ఒక అమ్మాయిల బడి. ఏప్రిల్ నెల. చలి ప్రాంతాల్లో బడి ఏడాది నౌరోజ్ పండగ అయ్యాక మార్చి చివర్లో మొదలవుతుంది కాబట్టి అప్పుడే కొత్త రిజిస్టర్లు తెరిచారు. ఐదో సిన్ఫ్‌లో 42 పేర్లున్నాయి. గదిలో, నిజానికి గది కూడా కాదు, టార్పాలిన్ గుడారం, చాపల మీద 19 మంది ఉన్నారు. నేనేమీ అనకముందే టీచరమ్మ వేలు పెట్టి ఒక్కో పేరూ చెప్పుకుంటూ పోయింది. ఈ పిల్లకు పెళ్లయింది. ఈ ఇద్దరూ అక్కచెల్లెళ్లు, తండ్రి పనికోసం ఇరాన్ పోతూ అందర్నీ తీసుకుపోయాడు. ఈ పిల్ల తివాచీ మగ్గం దగ్గర ఉంది, అప్పుడప్పుడు మాత్రం వస్తుంది. ఈ నలుగురిదీ కొండ అవతల ఊరు, దారిలో కొత్తగా చెక్‌పోస్టు పెట్టారు. ఇంకో పిల్ల పేరు దగ్గర ఆగి, "ఈమె చనిపోయింది" అంది. అయినా పేరు అలాగే ఉంది.

పేర్లు ఎందుకు కొట్టేయలేదని హెడ్మాస్టర్‌ను అడిగాను. ఆయన దాచలేదు. బడి మానేసిన పిల్ల తిరిగి రావచ్చన్న ఉద్దేశంతో మూడేళ్ల దాకా పేరు ఉంచే పద్ధతి అక్కడ ఉంది. కాగితం మీద అది పిల్లల మేలు కోరే నియమమే. ఆ పైన ఆయన సొంత కారణం చెప్పాడు. పేర్లు తగ్గితే పుస్తకాలు తగ్గుతాయి, పుస్తకాలు తగ్గితే టీచర్ పోస్టు పోతుంది, పోయేది ఉన్న ఒక్క ఆడ టీచర్‌దే అయితే మిగిలిన 19 మందీ రేపటినుంచి రారు. నా ఫారంలో దీనికి గడి లేదు. "నమోదు 42, హాజరు 19" అని రాశాను. పైనున్న ఆఫీసు పట్టికలో 42 మాత్రమే ఎక్కింది.

ఆ ఆఫీసు ఎవరిదో చెప్పి లాభం లేదు, అన్ని చోట్లా అదే కథ. 2001లో అఫ్గానిస్తాన్ బడుల్లో ఉన్నది పది లక్షల లోపు పిల్లలు, దాదాపు అందరూ అబ్బాయిలే. ఆ తర్వాత ఏటా అంకె పెరుగుతూ కోటి దాటింది. ప్రపంచమంతా దాన్ని విజయంగా చెప్పుకుంది. 2016 డిసెంబర్‌లో విద్యామంత్రి అసదుల్లా హనీఫ్ బల్ఖీ స్వయంగా, నిజంగా బడికి వస్తున్నది 60 లక్షల మందే అని ఒప్పుకున్నారు. నేను మూటాముల్లె సర్దుకుని వచ్చేసిన ఏడాది అది. ఆ వార్త చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు. కాకిలెక్కలు అని తేల్చి పారేయాలనీ అనిపించలేదు. ఎందుకంటే ఆ 60 లక్షల్లోనే పాతికేళ్ల కిందట ఊహకైనా రాని సంఖ్యలో అమ్మాయిలు ఉన్నారు. గొప్పగా చెప్పిన అంకెలు తీసేసినా మిగిలింది తక్కువేమీ కాదు.

దేశం మొత్తానికి ఒకే అంకె చూపించడం ఇంకో చిక్కు. 2018లో యూనిసెఫ్ వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం 7 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 37 లక్షల మంది, అంటే 44 శాతం, బడి బయట ఉన్నారు. వాళ్లలో 60 శాతం అమ్మాయిలు. కాందహార్, హెల్మంద్, వర్దక్, పక్తికా, జాబుల్, ఉరుజ్‌గాన్ లాంటి చోట్ల అమ్మాయిల్లో 85 శాతం దాకా బడి ముఖం చూడలేదు. కాబూల్‌లోనో హెరాత్‌లోనో అదే ఏడాది ఆడపిల్లల బళ్లు మూడు షిఫ్టులు నడుస్తున్నాయి. ఈ రెండిటికీ సగటు తీసి చూపిస్తే అది ఏ ఊరి సంగతీ కాదు.

మీ రిపోర్టులో "యుద్ధ దేశాల్లో అమ్మాయిలు అబ్బాయిల కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా బడికి దూరం" అనే వాక్యం పెట్టాలనుకుంటే ఆగండి. ఎక్కడ చూసినా కనిపించే వాక్యం అది. 2015లో యునెస్కో చెప్పినదాంట్లో పోలిక వేరు. యుద్ధ దేశాల్లోని అమ్మాయిలను, యుద్ధం లేని దేశాల్లోని అమ్మాయిలతో పోల్చారు. చేతులు మారేసరికి అది అదే దేశంలోని అబ్బాయిలతో పోలికగా మారిపోయింది. రెండూ ఒకటి కాదు. మొదటిది యుద్ధం ఏం చేసిందో చెబుతుంది. రెండోది సమాజం ఎలా ఉందో చెబుతుంది.

ఏ మెట్టు దగ్గర కొలిచారన్నది అన్నిటికంటే ముఖ్యం. ప్రాథమిక బడిలో సూచీ ఒకలా ఉంటుంది, హైస్కూల్లో ఇంకోలా ఉంటుంది. అఫ్గానిస్తాన్ ఇప్పుడు దీనికి పరాకాష్ఠ. 2021 ఆగస్టు 15న తాలిబాన్ కాబూల్‌లోకి వచ్చారు. సెప్టెంబర్‌లో హైస్కూళ్లు తెరుస్తూ మగపిల్లలూ మగ టీచర్లూ రావాలని ప్రకటన ఇచ్చారు. అమ్మాయిలు రాకూడదని అందులో రాయలేదు. అసలు వాళ్ల ప్రస్తావనే లేదు. 2022 మార్చి 23న అమ్మాయిలకూ తెరుస్తామన్నారు. పిల్లలు యూనిఫాం ఉతుక్కుని, తెల్ల దుపట్టాలు వేసుకుని వచ్చారు. బెంచీల మీద కూర్చున్నాక, కొన్ని గంటల్లోనే ఇంటికి పొమ్మన్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో యూనివర్సిటీలు మూశారు. 2024 డిసెంబర్‌లో నర్సు, మంత్రసాని కోర్సులూ ఆగిపోయాయి. ఈ మూతల్లో పదే పదే వినిపించిన మాట "తా అమ్రే సానీ", అంటే మళ్లీ చెప్పేదాకా. 2024 ఆగస్టు నాటికి 14 లక్షల మంది అమ్మాయిలు ఇలా హైస్కూల్ చదువుకు దూరమయ్యారని యునెస్కో లెక్క. ఆ తర్వాత ఏటా ఆరో తరగతి దాటిన కొత్త బ్యాచ్ ఆ లెక్కలో చేరుతూనే ఉంది.

మరి ఆరో తరగతి దాకా? అది అనుమతే. కాబట్టి ప్రాథమిక స్థాయి సూచీ మాత్రమే చూపించే పట్టికలో మీకు పెద్ద ప్రమాదమేమీ కనిపించకపోవచ్చు. మా పాత డ్రైవర్ ఒకాయన ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. వాళ్ల చిన్నమ్మాయి ఆరో తరగతి పరీక్షలో కావాలని తప్పు జవాబులు రాసింది. ఫెయిలైతే ఇంకో ఏడాది బడికి పోవచ్చు కదా. ఆ పిల్ల ఒక్కతే కాదు, ఇలా చేసిన అమ్మాయిల గురించి వార్తలూ వచ్చాయి. ఇప్పుడు గుమాస్తా బుర్రతో చూడండి. స్థూల నమోదు నిష్పత్తిలో వయసు చూడరు, ఏ తరగతిలో కూర్చున్నారన్నదే చూస్తారు. అందుకే అది 100 శాతం కూడా దాటుతుంది. పద్నాలుగేళ్ల పిల్ల మళ్లీ ఆరులో కూర్చుంటే ప్రాథమిక నమోదులో అమ్మాయిల అంకె ఒకటి పెరుగుతుంది. ముందుకు దారి మూసేసినందువల్ల సూచీ మెరుగుపడుతుంది.

అక్కడ అబ్బాయిలకు ఏమైందో కూడా చెప్పాలి. 2019లో ప్రాథమిక బడుల్లో 68 లక్షల మంది పిల్లలుంటే 2022లో 57 లక్షలు ఉన్నారు. ఆడ టీచర్లు మగపిల్లలకు పాఠాలు చెప్పకూడదన్నారు. దాంతో అబ్బాయిల తరగతులకు టీచర్లు కరువయ్యారు. ఇంట్లో డబ్బూ లేదు. చెల్లెలికి భవిష్యత్తు లేదన్నాక, అన్నయ్యను చదివించి ఏం చేయాలన్న నిరాశ కూడా ఉంటుందని అక్కడివాళ్లతో మాట్లాడితే తెలుస్తుంది.

సరే, ఏది పనిచేస్తుంది అన్న మీ మూడో ప్రశ్న. నా అనుభవంలో మొదటిది దూరం. 2007లో అఫ్గానిస్తాన్‌లోని ఘోర్ ప్రావిన్స్‌లో ఒక మంచి ప్రయోగం చేశారు. 31 ఊళ్లు తీసుకుని, లాటరీ వేసినట్టు కొన్నిటికి ముందే ఊళ్లోనే బడి పెట్టారు, మిగిలినవాటికి ఏడాది ఆగి పెట్టారు. దాదాపు 1,490 మంది పిల్లల్ని చూశారు. ఊళ్లో బడి ఉన్నచోట చేరిక 42 శాతం పాయింట్లు పెరిగింది. అంతకుముందు అమ్మాయిలకూ అబ్బాయిలకూ మధ్య ఉన్న 21 పాయింట్ల తేడా మాయమైంది. ఉపన్యాసాలు లేవు, గోడ మీద నినాదాలు లేవు. మసీదులోనో ఎవరింట్లోనో ఒక గది, ఆ ఊరివాడో పక్క ఊరివాడో ఒక టీచర్, పుస్తకాలు. "ఆచారం వల్లే పంపరు" అని మనం అనుకున్న తల్లిదండ్రులు ఇంటి పక్కన బడి పెడితే పంపారు.

ఈ ఫలితాలు తెలిసి కూడా నేను ఒక తప్పు చేశాను. నాలుగు ఊళ్లకు నాలుగు గదులెందుకు, మధ్యలో ఒక మంచి భవనం కడితే ఖర్చు తగ్గుతుంది, పై తరగతులు కూడా నడపొచ్చు అని రాశాను. మ్యాపు మీద అన్ని ఊళ్లకూ కిలోమీటరున్నర లోపే. కట్టారు. అబ్బాయిలు నాలుగు ఊళ్ల నుంచీ వచ్చారు. అమ్మాయిలు ఒక్క ఊరి నుంచే వచ్చారు. ఎందుకని ఊరి షూరాను, అంటే పెద్దల సభను, అడిగితే వాళ్లు నన్ను జాలిగా చూశారు. మిగతా మూడు ఊళ్ల అమ్మాయిలు బడికి రావాలంటే ఇంకో వంశంవాళ్ల పొలాల మధ్య నుంచి నడవాలి. మ్యాపులో కిలోమీటర్లు ఉంటాయి కానీ ఎవరి గట్టు మీద ఎవరి ఆడపిల్ల నడవొచ్చో ఉండదు. అది వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. నేను అడగలేదు.

రెండోది ఆడ టీచర్. కొంచెం ఈడొచ్చిన పిల్లను మగ టీచర్ దగ్గరికి పంపరు, అంతే. అది మారాలా వద్దా అని వాదించుకునే లోపు ఆ పిల్లకు పెళ్లయిపోతుంది. ఆడ టీచర్ కావాలంటే పన్నెండో తరగతి పాసైన ఆడమనిషి ఆ జిల్లాలో ఉండాలి. ఆ జిల్లాలో అమ్మాయిల హైస్కూలే లేకపోతే ఆమె ఎక్కడి నుంచి వస్తుంది? పట్నం నుంచి ఒంటరి ఆడమనిషి పల్లెకు రాదు, మహరం, అంటే దగ్గరి బంధువైన మగవాడు, వెంట ఉండాలి. అందుకే కొన్నిచోట్ల భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగమిచ్చి తెచ్చుకున్నారు. ఆయన అబ్బాయిలకు, ఆమె అమ్మాయిలకు. ఒక జంట కోసం ఒక షూరా పెద్ద తన అతిథి గది ఖాళీ చేసి ఇవ్వడం నేను చూశాను. అక్కడ అతిథి గది వదులుకోవడమంటే మాటలు కాదు. ఇప్పుడు ఆరు తర్వాత ఆపేశారు కాబట్టి, పదేళ్ల తర్వాత ఒకటో తరగతి అమ్మాయిలకు చెప్పే టీచరే ఉండదు. హైస్కూలు మూతకు ప్రాథమిక బడి కట్టే మూల్యం అది. ఏ ఏడాది సూచీలోనూ అది ముందుగా కనిపించదు.

ప్రహరీ గోడ, మరుగుదొడ్డి, నీళ్లు అని ప్రతి రిపోర్టులోనూ ఉంటాయి కాబట్టి పొడిగించను. అవి నిజమే. అక్కడ పదింట నాలుగు బళ్లకు భవనమే లేదు, గోడ సంగతి తర్వాత. గోడ దాడిని ఆపదని మాత్రం గుర్తుంచుకోండి. 2021 మే 8న పశ్చిమ కాబూల్‌లోని సయ్యద్ ఉల్ షుహదా బడి గేటు దగ్గరే, అమ్మాయిల షిఫ్టు వదిలిన వేళ బాంబులు పేల్చారు. 80 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది విద్యార్థినులే.

డబ్బు పనిచేస్తుందా? దక్షిణ సూడాన్‌లో పనిచేయడం చూశాను, కొంతవరకు. ఐదో తరగతి నుంచి హైస్కూల్ చివరిదాకా చదివే అమ్మాయిలకు, బడికి వస్తూ ఉంటే, నేరుగా నగదు ఇచ్చారు. హాజరును హెడ్మాస్టర్లు ఫోన్ నుంచి మెసేజ్ ద్వారా పంపేవారు. కాగితం రిజిస్టర్లతో ఏళ్లు గడిపిన నాకు అది పండగలా ఉండేది, సిగ్నల్ ఉన్న రోజున. తల్లులు ఆ డబ్బుతో సబ్బు, నోటు పుస్తకాలు, నెలసరి గుడ్డలు కొనేవాళ్లు. 2015 డిసెంబర్‌లో అక్కడి పౌండ్ విలువ కుప్పకూలాక ఆ మొత్తానికి వచ్చే సరుకు బాగా తగ్గిపోయింది. ఇంకో మాట. అక్కడ పెళ్లిలో ఆవులు వచ్చేది అమ్మాయి ఇంటికి. కరువులో, యుద్ధంలో, కూతురి పెళ్లి అంటే ఆ ఇంటికి తిండి. మన వరకట్నం లెక్క తిరగేసి చదువుకోవాలి. ఏడాదికోసారి వచ్చే ఆ కాస్త నగదు మందతో పోటీ పడలేదు, కానీ పెళ్లిని ఒకటి రెండేళ్లు వాయిదా వేయించగలదు. ఆ ఒకటి రెండేళ్లు చిన్నవేం కాదు.

సరిహద్దు దాటిన పిల్లల్ని కూడా మీ రిపోర్టులో చూడండి. సిరియాలో 2011కు ముందు ఆడ-మగ తేడా దాదాపు లేదు. లెబనాన్‌కు వచ్చాక సిరియా పిల్లలకు మధ్యాహ్నం షిఫ్టు పెట్టారు. బడి వదిలేసరికి చీకటి పడే వేళ, అమ్మాయిల తల్లిదండ్రులకు టెన్షన్. అబ్బాయిలేమో బెకా లోయ పొలాల్లో కూలికి. జోర్డాన్‌లో నమోదైన సిరియన్ల పెళ్లిళ్లలో పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయిల వాటా 2011లో 12 శాతం, 2014 మొదటి మూడు నెలలకు 32 శాతం. ఆచారం అంత త్వరగా మారదు, ఇంటి పరిస్థితి మారుతుంది.

యెమెన్ గురించి ఒక్క ముక్కే. అక్కడ 2016 నుంచి మూడింట రెండు వంతుల టీచర్లకు జీతాలు సరిగా లేవు. జీతం లేని టీచర్ మొదట మానేసేది దూరపు పల్లె బడిని, అమ్మాయిలకు ఉన్న ఒక్క దారీ సాధారణంగా అదే.

రిపోర్టు సంగతికి వస్తే, సూచీని మొదటి పేజీలో పెట్టకండి. అమ్మాయిలు ఎంతమంది, అబ్బాయిలు ఎంతమంది, ప్రాథమికం వేరుగా, హైస్కూలు వేరుగా పెట్టి, సూచీని వాటి పక్కన చిన్నగా రాయండి. లెక్క ఏ నెలలో తీశారో కనుక్కోండి. బడి తెరిచిన నెలలో తీసిన లెక్కకూ పరీక్షల ముందు తీసిన లెక్కకూ మధ్య నేను చెప్పిన 42కూ 19కీ ఉన్నంత దూరం ఉండొచ్చు. బడి రిజిస్టర్ నుంచి వచ్చిన అంకెను ఇంటింటి సర్వే అంకెతో ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూడండి. సర్వేలో తల్లిని అడుగుతారు, రిజిస్టర్ రాసేది హెడ్మాస్టర్. ఇద్దరికీ అబద్ధం చెప్పాల్సిన కారణాలు వేరు, కాబట్టి రెండూ కలిసినచోట కాస్త నమ్మొచ్చు. మీ బాస్ ఒకే అంకె కావాలని పట్టుబడితే, ఐదో తరగతిలో ఉన్న అమ్మాయిల్లో ఎంతమంది రెండేళ్ల తర్వాత ఏడులో ఉన్నారో అడగండి. ఏ దేశమైనా అసలు సంగతి ఆ అంకె దగ్గరే బయటపడుతుంది.

మీ పట్టిక ఏ దేశానిదో, ఏ రెండు ఏళ్ల మధ్యదో రాయలేదు. అది చెప్పి, ఆడ, మగ వరసలు విడివిడిగా ఇక్కడ పెట్టండి. కింది అంకె తగ్గిందో పైది పెరిగిందో చూసి చెబుతాను.